పదకొండు ఓట్ల రాత్రి

1641 నవంబరు 22, సోమవారం. ఇప్పుడిప్పుడే తెల్లవారింది. థేమ్స్ నదిలో పడవ దిగి వెస్ట్‌మిన్‌స్టర్ మెట్లెక్కుతుంటే బొగ్గు పొగ గొంతులో పట్టుకుంటోంది. లండన్ ఊరంతా న్యూకాజిల్ నుంచి ఓడల్లో వచ్చే బొగ్గే కాలుస్తుంది. ఎదురుగా కనిపిస్తున్నది పాత రాజభవనం. రాజులు ఇందులో కాపురం మానేసి వందేళ్లు దాటింది. ఇప్పుడు కోర్టులూ పార్లమెంటూ ఇందులోనే నడుస్తున్నాయి.

లోపలికి వెస్ట్‌మిన్‌స్టర్ హాల్లోంచి వెళ్దాం. ఎంత పెద్ద హాలు! ఒకే కప్పు కింద మూడు న్యాయస్థానాలు నడుస్తున్నాయి. వాటి మధ్య గోడలు లేవు, చెక్క అడ్డాలే. ఓ మూల ప్లీడరు వాదిస్తుంటే, పది అడుగుల అవతల చేతి తొడుగులకి బేరమాడుతున్నారు. పుస్తకాల కొట్టు ముందు గుంపు చేరింది. పోయిన జులైలో స్టార్ చాంబర్ కోర్టు రద్దయిన దగ్గర్నుంచి అచ్చు యంత్రాలకి పగ్గాల్లేవు. రోజుకో కరపత్రం వస్తోంది. హాలుని ఆనుకుని ఉన్న సారాయి దుకాణాల పేర్లు ‘స్వర్గం’, ‘నరకం’. పొద్దు వాలాక సభ్యులు కొందరు అక్కడే కనిపిస్తారు. అవన్నీ చూడడానికి మనకి తీరిక లేదు. హాలు చివర మెట్లెక్కితే సెయింట్ స్టీఫెన్స్ ప్రార్థనా మందిరం. కామన్స్ సభ కూర్చునేది అందులోనే. బయటివాళ్లని గుమ్మం దాటనివ్వరు. సర్జంటు తల అటు తిప్పగానే లోపలికి వచ్చేసి గోడ వార నిలబడదాం.

ఇంగ్లండు భవిష్యత్తు తేలే చోటు ఇంత ఇరుకుగా ఉంటుందని మీరు అనుకుని ఉండరు. సభ్యులు ఐదు వందలకి అటూ ఇటూ. అందరూ వస్తే కూర్చోడానికి చోటు చాలదు. భజన మందిరంలో రెండు జట్లు ఎదురెదురుగా కూర్చున్నట్టు, రెండు పక్కలా బల్లలు మెట్లు మెట్లుగా పైకి లేచాయి. ఒకప్పుడు పాటలు పాడే పూజారులు కూర్చున్న వరసలివి. బలిపీఠం ఉన్న చోట ఇప్పుడు స్పీకర్ కుర్చీ ఉంది. దాని ముందు బల్ల, బల్ల మీద వెండి గద. వెనక గ్యాలరీ. మొన్న మే నెలలో ఆ గ్యాలరీలో ఓ చెక్క విరిగి టప్పుమంటే, పార్లమెంటుని పేల్చేయాలన్న పాత మందుగుండు కుట్ర మళ్లీ జరిగిందనుకుని సభ్యులు బయటికి పరుగెత్తారు. ఈ ఏడాదంతా ఇక్కడి మనుషులు ఎంత బెదురుతో బతుకుతున్నారో ఆ ఒక్క ముచ్చట చెబుతుంది.

కూర్చున్నవాళ్ల నెత్తిన టోపీలున్నాయి. మాట్లాడదలచినవాడు టోపీ తీసి లేచి నిలబడతాడు. ఏం చెప్పినా స్పీకర్‌ని ఉద్దేశించే చెప్పాలి. మన శాసనసభల్లో ఈనాటికీ ప్రతి సభ్యుడూ ‘అధ్యక్షా’ అనే మొదలుపెట్టడం ఇక్కడి ఆనవాయితీ నుంచి వచ్చిందే. తోటి సభ్యుణ్ణి పేరు పెట్టి పిలవకూడదు. ఒక విషయం మీద ఒక్కసారే మాట్లాడాలి.

కుర్చీలో ఉన్నాయన విలియం లెంథాల్. యాభై ఏళ్ల న్యాయవాది. ఉప సభాపతి అనే పదవి ఇంకా పుట్టలేదు. కాబట్టి చర్చ ఎంతసేపు సాగితే అంతసేపూ ఆ కుర్చీ ఈయనదే. బల్ల దగ్గర గుమస్తా హెన్రీ ఎల్సింగ్, పక్కన సహాయకుడు జాన్ రష్‌వర్త్. రష్‌వర్త్‌కి పొట్టిలిపి వచ్చు. కానీ సభ అనుమతి లేకుండా ప్రసంగాలు రాసుకోకూడదని ఆజ్ఞ. ఇక్కడ మాట్లాడింది బయటికి పొక్కకూడదు. ఈ నియమాన్ని మనసులో పెట్టుకోండి, రాత్రికి దీంతో పని పడుతుంది.

నియమం ఉన్నా రాసేవాళ్లు రాస్తూనే ఉన్నారు. ఆ వరసలో కుర్రవాణ్ణి చూడండి, మడిచిన కాగితం మోకాలి మీద పెట్టుకుని పెన్సిలుతో గబగబా గీస్తున్నాడు. పేరు రాల్ఫ్ వెర్నీ. వయసు ఇరవై ఎనిమిది. పూర్తి వాక్యాలు రాసే వ్యవధి లేదు, ఎవరు ఏమన్నారో రెండు మూడు ముక్కలు పట్టుకుంటున్నాడు. వాళ్ల నాన్న ఎడ్మండ్ వెర్నీ కూడా సభ్యుడే. రాజుగారి జెండా మోసే గౌరవం ఆయనది. మరో పక్క సర్ సైమండ్స్ డ్యూజ్, పాత దస్తావేజులంటే ప్రాణమిచ్చే మనిషి. ఆయన దినచర్య లేకపోతే ఈ సభలో జరిగినదాంట్లో సగం మనకి తెలిసేది కాదు. పాపం, ఇవాళ ఆయనకి పడిశం పట్టింది.

నిరుటి దాకా ఈ గదికి తాళం. 1629లో పార్లమెంటుని రద్దు చేసిన చార్లెస్ రాజు పదకొండేళ్ల పాటు మళ్లీ పిలవలేదు. పన్నులు మాత్రం వసూలు చేశాడు. ఓడల పన్ను అని, రేవు పట్టణాలు యుద్ధకాలంలో కట్టేదాన్ని దేశమంతటికీ రుద్దాడు. ఇరవై షిల్లింగుల పన్ను కట్టనని జాన్ హాంప్డెన్ అనే జమీందారు కోర్టుకెక్కాడు. పన్నెండు మంది న్యాయమూర్తుల్లో ఏడుగురు రాజు పక్షాన తీర్పిచ్చారు. ఆ హాంప్డెన్ ఇదిగో, ఎదుటి బల్ల మీద నిమ్మళంగా కూర్చుని ఉన్నాడు. స్కాట్లండుతో యుద్ధానికి డబ్బు కరువై రాజు పార్లమెంటుని పిలవక తప్పలేదు. 1640 నవంబరు 3న కూడిన ఈ సభ ఏడాది తిరక్కుండానే ఓడల పన్ను చెల్లదంది, స్టార్ చాంబర్‌ని తీసేసింది, మూడేళ్లకోసారైనా పార్లమెంటు కూడాలని చట్టం చేసింది, తన అనుమతి లేకుండా తనని రద్దు చేయకూడదని ఇంకో చట్టం చేసింది. రాజు అన్నిటికీ తలూపాడు. మనసారా ఊపాడని నమ్మేవాళ్లు ఈ గదిలో సగం మందే.

అదీ కాక, అక్టోబరు 23న ఐర్లండులో తిరుగుబాటు లేచింది. ఆ కబురు నవంబరు 1న ఇక్కడికి చేరింది. ప్రొటెస్టెంట్లని ఊచకోత కోస్తున్నారని పుకార్లు, ఒకదాన్ని మించింది ఒకటి. అణచడానికి సైన్యం కావాలి. ఆ సైన్యం రాజు చేతికిస్తే, ఐర్లండు పని ముగించి ఇటు తిరగడని హామీ ఏది? కిందటి నెల 25న జాన్ పిమ్‌కి ఇదే సభలో ఒక ఉత్తరం అందింది. విప్పితే లోపల ప్లేగు పుండు తుడిచిన గుడ్డపీలిక. పిమ్‌ని చూడండి, ఆ మోటు దుస్తుల్లో ఉన్న యాభై ఏడేళ్ల మనిషి. ఇవాళ్టి పత్రం వెనక ఉన్న బుర్ర ఆయనదే.

పొద్దున్నంతా మామూలు పనులు. మధ్యాహ్నం పన్నెండు కావస్తుంటే అసలు పత్రం బల్ల మీదికి వచ్చింది. గ్రాండ్ రిమాన్‌స్ట్రెన్స్ అని చరిత్రలో నిలిచిన ఫిర్యాదు పత్రం. నిజానికి శనివారమే తేల్చేయాలని పిమ్ మనుషులు పట్టుబట్టారు. సోమవారానికి వాయిదా వేయించుకున్నారు అవతలివాళ్లు. కేంబ్రిడ్జి సభ్యుడొకడు, నలభై రెండేళ్ల ఆలివర్ క్రామ్‌వెల్, ఎందుకీ వాయిదా అని తోటి సభ్యుడు లార్డ్ ఫాక్లండ్‌ని అడిగాడట. చర్చకి సమయం చాలదు కదా అన్నాడు ఫాక్లండ్. ఏముంది, పెద్దగా చర్చే ఉండదని క్రామ్‌వెల్ తేల్చేశాడు.

పత్రంలో రెండు వందలకి పైగా అంశాలున్నాయి. చార్లెస్ గద్దెనెక్కిన 1625 నుంచి జరిగిన అన్యాయాలన్నీ వరసగా. బలవంతపు అప్పులు, ఓడల పన్ను. సబ్బు, ఉప్పు, సారాయి, తోలు, బొగ్గు ఎవరో ఒకరిద్దరే అమ్మాలని అమ్ముకున్న గుత్తహక్కులు. చర్చిలో బిషప్పుల పెత్తనం. తర్వాత ఈ సభ చేసిన మంచి పనుల జాబితా. చివర్న కోరికలు. వాటిలో పదునైనది ఒకటే: పార్లమెంటు నమ్మగలిగిన వాళ్లనే రాజు మంత్రులుగా పెట్టుకోవాలి, లేదంటే సభ డబ్బు మంజూరు చేయదు. రాజుని నేరుగా ఒక్క మాటా అనలేదు. తప్పంతా చుట్టూ చేరిన దుష్ట సలహాదారులదీ క్యాథలిక్కులదీ అని రాశారు. ఇది బిల్లు కాదు, మూడుసార్లు చదివి లార్డ్స్ సభకి పంపి రాజు సమ్మతితో చట్టం చేసేది కాదు. ఈ సభ తన పేరున తానే చేసే ప్రకటన.

హైడ్ లేచాడు. ఎడ్వర్డ్ హైడ్, ముప్ఫై రెండేళ్ల న్యాయవాది, మంచి మాటకారి. పక్కనే ఎప్పటిలాగే ప్రాణమిత్రుడు ఫాక్లండ్. జరిగిన అన్యాయాల్ని హైడ్ కాదనడు. ఈ ఏడాది వాటిని సరిదిద్దిన పనుల్లో అతని చెయ్యీ ఉంది. మరి ఎందుకు వద్దంటున్నాడు? రాజు దిగివచ్చి అన్నీ ఒప్పుకున్నాక పాత పుండు కెలకడం దేనికి? రాజు గౌరవం తగ్గితే ప్రజల గౌరవమూ తగ్గుతుందని అతని వాదం. సర్ జాన్ కల్‌పెపర్ ఇంకో మెలిక పెట్టాడు. మనల్ని ఇక్కడికి పిలిచిన తాఖీదులో రాజుతోనూ లార్డ్స్‌తోనూ సంప్రదించమని ఉంది గానీ జనానికి ప్రకటనలు చేయమని లేదు. లార్డ్స్ లేకుండా మనమొక్కరమే చేసే ప్రకటన ఒంటికాలి మీద నిలబడ్డట్టే, దేశంలో శాంతికీ ముప్పే అన్నాడు.

నాకు ఆ రోజంతటిలో అన్నిటికంటే గుచ్చుకునేది సర్ ఎడ్వర్డ్ డీరింగ్ మాట. కెంట్ సభ్యుడు. ఫిర్యాదు పత్రమంటే రాజు ముందు అద్దం పట్టడమనుకున్నాననీ, పైవాడితో చెప్పాల్సింది కిందివాళ్లకి చెప్పడమేమిటనీ, రాజుని పక్కన పెట్టి ఆయన గురించి జనంతో కథలు చెప్పుకుంటామని కలలో కూడా అనుకోలేదనీ అన్నాడు. ఆ పత్రంలోని అసలు కొత్తదనాన్ని దాని మిత్రుల కంటే ముందే పట్టుకున్నది ఈ శత్రువే. పన్నుల లెక్కల మీద గానీ బిషప్పుల అధికారాల మీద గానీ ఆ సభ అంతగా చీలలేదు. ఆ నిజాలు చాలావరకు అందరికీ ఒప్పుదలే. వాటిని ఎవరితో చెప్పాలన్న దగ్గరే గది నిట్టనిలువునా పగిలింది.

నాలుగైంది. కిటికీల్లో వెలుతురు పోయింది. డ్యూజ్ పడిశంతో ఇక కూర్చోలేక లేచి వెళ్లిపోయాడు. కలం కాగితం పట్టుకుని ఇన్నాళ్లూ కాపలా కాసిన మనిషి సరిగ్గా ఇవాళ వెళ్లిపోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఇక ముందు జరిగేది ఆయన వేరేవాళ్లని అడిగి రాసుకుంటాడు.

కొవ్వొత్తులు తెప్పించాలని కేక. ఇక్కడ కొవ్వొత్తి వెలిగించడం కూడా సభ అనుమతితో జరగాల్సిన పనే. మొన్న జూన్‌లో అనుమతి లేకుండా తెప్పించినందుకు ఇద్దరు సభ్యుల్ని టవర్ జైలుకి పంపారు. చీకటి పడితే సభ ముగియాలి, వెలుతురు కావాలంటే మెజారిటీ ఒప్పుకోవాలి. రాత్రయింది, రేపు మాట్లాడుకుందామని అవతలివాళ్లు. కుదరదు, ఇవాళే తేలాలని పిమ్ పక్షం. కొవ్వొత్తులు వచ్చాయి. కింద నుంచి పడే ఆ వెలుగులో మొహాలు మారిపోయాయి. ఎదుటి వరసలో టోపీల అంచు కింద కళ్లు కనిపించడం లేదు. కొవ్వు కాలే వాసన, తడిసిన ఉన్ని బట్టల వాసన. పొద్దుట్నుంచి సరిగ్గా తిన్నవాడు లేడు. ముసలివాళ్లూ, నీరసపడ్డవాళ్లూ ఒక్కొక్కరే మెట్లు దిగి ఇళ్లకి పోతున్నారు. ఇలా తేలితే అది ఆకలికి తాళలేక జ్యూరీ ఇచ్చే తీర్పులా ఉంటుందని పెద్దాయన రడ్‌యార్డ్ అన్నట్టు చెబుతారు.

పిమ్ మాట్లాడాడు. ఆయన గొంతులో ఉద్రేకం లేదు. రాజు గౌరవం ప్రజల క్షేమంలోనే ఉంది, కాబట్టి నిజం చెప్పక తప్పదు, కుట్రలు రాజు గుమ్మం దాకా వచ్చాయి అన్నాడు. వెర్నీ పెన్సిలు ఆ ముక్కని పట్టుకుంది. అప్పుడప్పుడూ ఎవరో ఓ మాట మార్చమంటారు, దాని మీద మళ్లీ వాదన. కొన్ని వాక్యాలు మెత్తబడ్డాయి. తొమ్మిది, పది, పదకొండు.

అర్ధరాత్రి దాటింది. లెంథాల్ లేచి ప్రశ్న పెట్టాడు. అవునన్న కేకలు, కాదన్న కేకలు సమానంగా వినిపించాయి. లెక్కపెట్టాల్సిందే. లెక్క పద్ధతి చూడండి: ఒక పక్షం బయటి గదిలోకి నడిచి వెళ్లాలి, రెండోది లోపలే కూర్చోవాలి. రెండు పక్షాల నుంచీ ఇద్దరేసి గణకులు. లోపలివాళ్లని లెక్కపెట్టాక, బయటికి వెళ్లినవాళ్లు గుమ్మంలోంచి ఒక్కొక్కరే తిరిగి వస్తుంటే లెక్కపెడతారు. ఎవరు ఎటు అన్నది అందరి కళ్లముందే. పక్కపక్కన కూర్చుని ఏడాది పాటు ఒకే మాట మీద నిలిచినవాళ్లు ఇప్పుడు లేచి విడిపోతున్నారు. తమ్ముడు కూర్చుంటే అన్న నడిచి పోతున్నాడన్నంత దగ్గరివాళ్లు. ఏడాది తిరక్కుండానే ఈ మనుషులు పొలాల్లో కత్తులు దూసి ఎదురెదురుగా నిలబడతారు. ఆ గీత ఇక్కడ, ఈ గుమ్మం దగ్గర పడింది.

గణకులు బల్ల దగ్గరికి వచ్చారు. అనుకూలం 159. వ్యతిరేకం 148. పదకొండు ఓట్లతో పత్రం గెలిచింది.

ఇంతటితో అయిపోయిందనుకున్నాం. పియర్డ్ అనే సభ్యుడు లేచి దీన్ని అచ్చు వేయించాలన్నాడు. సభలో మాట బయటికి పొక్కకూడదన్న ఆ పాత నియమం గుర్తుందిగా? ఇప్పుడు సభే తన రహస్యాన్ని వీధిలో పరుస్తానంటోంది. అలాగైతే తమ అసమ్మతిని పేర్లతో సహా నమోదు చేయాలని హైడ్, కల్‌పెపర్ పట్టుబట్టారు. లార్డ్స్‌లో ఆ ఆచారం ఉంది గానీ ఇక్కడ లేదు. ఇక్కడ ఓడిన పక్షం ఓటమితో కలిసిపోతుంది, తీర్మానం అందరిదీ అవుతుంది. అసమ్మతి రాయించుకుంటే సభ రెండని కాగితం మీద ఒప్పుకున్నట్టే. జెఫ్రీ పామర్ లేచి తన తరఫునా మిగతా అందరి తరఫునా అసమ్మతి తెలుపుతున్నానన్నాడు. అందరూ, అందరూ అని అరుపులు. టోపీలు గాల్లో ఊగాయి. కొందరు మొలలోంచి కత్తులు ఒరతో సహా ఊడదీసి, పిడి పట్టుకుని మొన నేలకి ఆనించి నిలబడ్డారు. ఇంకొక్క మాట జారితే ఒరల్లోంచి బయటికొచ్చేవి. కొవ్వొత్తి వెలుగులో పిడి మీద బిగిసిన ఆ వేళ్లని ఒకసారి చూడండి.

అప్పుడు లేచింది హాంప్డెన్. గొంతు పెంచలేదు. ఇతరుల మనసులో ఏముందో వాళ్లని అడక్కుండా పామర్‌కి ఎలా తెలిసిందని మాత్రం అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కునే లోపల ఆవేశం ఒక మెట్టు దిగింది. హాంప్డెన్ నేర్పుతోనే ఆ రాత్రి ఒకరి కత్తి ఇంకొకరి పొట్టలో దిగకుండా ఆగిందని, అక్కడే ఉన్న రాజపక్షీయుడు ఫిలిప్ వార్విక్ తర్వాత రాసుకున్నాడు. ఇరవై షిల్లింగుల కోసం రాజుతో తలపడ్డ మనిషి ఓర్పు అది. పార్లమెంటు చరిత్రలో గొప్ప ప్రసంగాలెన్నో ఉన్నాయి గానీ, ఈ ఒక్క ప్రశ్న ముందు నాకవి చిన్నవిగానే కనిపిస్తాయి. సభ మళ్లీ ఆదేశించేదాకా అచ్చు వేయరాదని సర్దుబాటు చేశారు.

రెండు గంటలకి సభ లేచింది. మెట్ల మీద ఫాక్లండ్, క్రామ్‌వెల్ ఎదురుపడ్డారు. చర్చ జరిగిందా లేదా అని ఫాక్లండ్ అడిగాడు. ఇకమీదట మీ మాట నమ్ముతానన్నాడు క్రామ్‌వెల్. ఆ పత్రం ఓడి ఉంటే తెల్లవారగానే ఆస్తులన్నీ అమ్ముకుని ఇంగ్లండు మొహం మళ్లీ చూడకుండా పోయేవాణ్ణని, తనలాంటివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారని చెవిలో చెప్పాడు. ఇది హైడ్ రాసుకున్న మాట. హైడ్ అవతలి పక్షం మనిషి, రాసింది ఏళ్ల తర్వాత. అయినా క్రామ్‌వెల్ ఆ రాత్రి అలా అని ఉంటాడనే నేను నమ్ముతాను. ఆ పదకొండు ఓట్ల మీద ఎవరెవరు తమ బతుకుని పందెం కాశారో దాన్నిబట్టి తెలుస్తుంది.

మూడు రోజులకి రాజు స్కాట్లండు నుంచి లండన్ చేరాడు. ఊరు ఘనస్వాగతం పలికింది. పామర్‌ని కొన్నాళ్లు టవర్‌లో పెట్టారు. 29న వీధుల్లో ఒక కొత్త సరుకు అమ్మకానికొచ్చింది. పార్లమెంటులో వారం రోజులుగా జరిగిన సంగతులతో చిన్న అచ్చు పత్రిక. ఇంగ్లండులో స్వదేశీ వార్తల వారపత్రిక అదే మొదటిది. దాని శీర్షికలో ఉన్న వారం నవంబరు 22తోనే మొదలైంది. డిసెంబరు 1న హాంప్టన్ కోర్ట్ రాజభవనంలో ఫిర్యాదు పత్రాన్ని రాజుకి అందించారు. 15న అచ్చు సంగతి మళ్లీ సభ ముందుకొచ్చింది. ఈసారి 135 అనుకూలం, 83 వ్యతిరేకం. హైడ్ భయపడ్డట్టే అది జనం చేతుల్లోకి వెళ్లింది. ఆ భయం పిరికితనం కాదు. జనవరి 4న రాజు సాయుధులతో అదే గదిలోకి పిమ్, హాంప్డెన్, మరో ముగ్గురిని పట్టుకోడానికి వచ్చాడు, ఆ ఏడాది అక్టోబరులో ఎడ్జ్‌హిల్ యుద్ధంలో రాజు జెండా పట్టుకునే ఎడ్మండ్ వెర్నీ చచ్చిపోయాడు. అయినా, పన్ను కట్టేవాడికి ఆ పన్ను కథ తెలియకూడదనే వాదానికి నా మనసు ఒప్పదు. అచ్చు వేయమన్నవాళ్లదే సరైన పని.

జనంతో కథలు చెప్పుకోడమేమిటన్న డీరింగ్ ఏం చేశాడో తెలుసా? రెండు పక్షాలూ తనని అపార్థం చేసుకుంటున్నాయని బాధపడి, 1642 మొదట్లో తన సభా ప్రసంగాలన్నీ పుస్తకంగా అచ్చు వేయించాడు. నవంబరు 22 నాటిది కూడా అందులో ఉంది. సభ హక్కులకి భంగమని ఫిబ్రవరి 2న కామన్స్ ఆయన సభ్యత్వం తీసేసింది, టవర్‌కి పంపింది, పుస్తకాన్ని తలారి చేత తగలబెట్టించింది.